తెమడ డబ్బా నుంచి నిక్షయ్ నంబరు దాకా

హుజూరాబాద్‌లో ప్రైవేటు ల్యాబుల్లో, నర్సింగ్ హోముల్లో, మెడికల్ షాపుల్లో పనిచేసేవాళ్ల కోసం, చుట్టుపక్కల ఊళ్లల్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. టీబీ వచ్చిన మనిషి మొదట తలుపు తట్టేది మీదే. దగ్గు మందు సీసాలు రెండు మూడు ఖాళీ అయ్యాక, సూదులు పడ్డాక, అప్పు కూడా అయ్యాక గానీ సర్కారు దవాఖాన గుర్తుకు రాదు. అందుకే ఆ మనిషి పేరు ఆరోగ్యశాఖ లెక్కలోకి ఎక్కుతుందా, ఎక్కినా మనిషి మందుల దాకా చేరతాడా అన్నది చాలావరకు మీ చేతుల్లోనే ఉంది.

ఒక సాయంత్రం సంగతి అనుకుందాం. జమ్మికుంట పత్తి మార్కెట్‌లో హమాలీ పని చేసే నలభై ఏళ్ల మనిషి పొద్దున హుజూరాబాద్ వచ్చి ఒక ల్యాబులో తెమడ ఇచ్చి పోయాడు. సాయంత్రం ఆరింటికి టెక్నీషియన్ సూక్ష్మదర్శిని కింద స్లైడు చూస్తే, నీలం రంగు మధ్యలో సన్నటి ఎర్రని పుల్లల్లాగా క్రిములు కనిపించాయి. రిపోర్టు మీద పాజిటివ్ అని కొట్టి కవర్లో పెట్టడం నిమిషం పని. రోగి వస్తాడు, కవరు తీసుకుంటాడు. అప్పటికే డాక్టరు లేచి వెళ్లిపోయి ఉంటాడు. "రేపు సర్కారు దవాఖానకు పో అన్నా, ఆడ మందులు ఫ్రీగ ఇస్తరు" అని కౌంటర్ దగ్గర ఎవరో మంచి మనసుతోనే చెప్తారు. రేపు మార్కెట్‌కు పత్తి బాగా వస్తుంది, కూలి పోగొట్టుకోలేడు. ఎల్లుండి దగ్గు కాస్త నెమ్మదించినట్టు అనిపిస్తుంది. ఆ కవరు ఇంట్లో ట్రంకు పెట్టెలో చేరుతుంది. మళ్లీ అది బయటికి వచ్చేసరికి మనిషి పది కిలోలు తగ్గి ఉంటాడు, ఇంట్లో ఇంకొకరు దగ్గడం మొదలై ఉంటుంది.

ఆ ల్యాబులో ఎవరూ తప్పుడు మాట చెప్పలేదు. కానీ 'పో' అని చెప్పడంతో పని అయిపోయిందనుకున్నారు. టీబీ రోగి విషయంలో చెప్పడానికీ చేర్చడానికీ మధ్య ఉన్న దూరమే ప్రమాదం. ఆ దూరాన్ని మీరు ఎట్లా తగ్గించవచ్చో చెప్పాలన్నదే నా ప్రయత్నం.

చట్టం మాట ముందే చెప్పి పక్కన పెడదాం. టీబీ రోగిని గుర్తిస్తే సర్కారుకు తెలపడం 2012 మే 7 నుంచి తప్పనిసరి. 2018 మార్చిలో కేంద్రం ఇచ్చిన గెజిట్ ల్యాబులు, ఆసుపత్రులు, క్లినిక్కులతో పాటు మందుల షాపులను కూడా ఇందులోకి తెచ్చింది. తెలపకపోతే ఐపీసీ 269, 270 సెక్షన్ల కింద చర్య ఉండవచ్చని అందులోనే రాశారు. 2024 జులై నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి ఆ నేరాలు ఇప్పుడు 271, 272 సెక్షన్లలో ఉన్నాయి. అయితే అదే గెజిట్‌లో చాలామంది చదవని రెండో సగం ఉంది. రోగి వివరాలు అందిన తర్వాత ఆరోగ్యశాఖ వాళ్లు ఇంటికి వెళ్లాలి, ధైర్యం చెప్పాలి, మందులు మధ్యలో ఆగకుండా చూడాలి, ఇంట్లోవాళ్లను పరీక్షించాలి, హెచ్‌ఐవీ పరీక్షా, మందులకు లొంగే రకమా కాదా అని తేల్చే పరీక్షా చేయించాలి. అంటే మీరు పంపిన సమాచారం సర్కారు నెత్తిన ఒక పని పెడుతుంది. మీరు పంపకపోతే ఆ పని ఎవరిదీ కాదు. అందుకే ఇట్లా తెలపడం, అంటే నోటిఫికేషన్, రోగి తరఫున మనం సర్కారుకు పెట్టే దరఖాస్తు అన్నది నా అభిప్రాయం.

ప్రైవేటు డాక్టరు మనసులో ఉండే భయం చట్టం గురించి కాదు. పేరు రాసి పంపితే రోగి తన చెయ్యి దాటిపోతాడేమోనని. ఈ భయం అక్కర్లేదు. తెలపడం వేరు, అప్పగించడం వేరు. పేరు టీబీ రోగుల వివరాలు నమోదు చేసే సర్కారు నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కించాక కూడా రోగి తన డాక్టరు దగ్గరే వైద్యం చేయించుకోవచ్చు. క్రిమి ఉందా, మందుకు లొంగుతుందా అన్నది తేల్చే ఖరీదైన నాట్ పరీక్ష సర్కారు ల్యాబులో ఉచితంగా చేయించుకోవచ్చు, గోలీలు కూడా ఉచితంగా పొందవచ్చు. రోగి పేరు తెలిపినందుకు ప్రైవేటు డాక్టరుకు 500 రూపాయలు, వైద్యం పూర్తయ్యాక ఫలితం తెలిపినందుకు ఇంకో 500 ప్రభుత్వం ఇస్తుంది. ఆ వెయ్యి కోసం ఎవరూ ఈ పని చేయరని నాకు తెలుసు. ఆ కాగితం పని చేసే కాంపౌండర్‌కో, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికో ఆ మొత్తం ఇచ్చేస్తే మాత్రం పని ఆగదు. యజమానులకు నా సలహా అది.

ఈ భయాన్ని మన రాష్ట్రంలోనే ఒకసారి ఎదుర్కొని చూపించారు. హైదరాబాద్‌లోని మహావీర్ ఆసుపత్రి ప్రైవేటుది, లాభం కోసం నడిచేది కాదు. 1995లో అక్కడ డాక్టర్ కె.జె.ఆర్. మూర్తి ఆధ్వర్యంలో ఒక ప్రయత్నం మొదలైంది. ఆసుపత్రి చుట్టుపక్కల జనాభా బాధ్యత తీసుకుని, ఆ బస్తీల్లోని ప్రైవేటు డాక్టర్ల దగ్గరికి వెళ్లి, అనుమానం ఉన్న రోగులను పరీక్షకు పంపమని అడిగారు. 1998 నాటికి ఆ ఏర్పాటు అయిదు లక్షల జనాభాకు పెరిగింది. రోగి రోజూ అంత దూరం రానక్కర్లేకుండా, తన ఇంటికి దగ్గర్లోని ప్రైవేటు నర్సింగ్ హోములోనే ఎవరో ఒకరి ఎదుట మందు వేసుకునే వీలు కల్పించారు. మందులు ప్రభుత్వానివి, పరీక్ష మహావీర్‌ది, రోగిని పంపింది బస్తీ డాక్టరు. అప్పటిదాకా సర్కారు కార్యక్రమం వైపు చూడని డాక్టర్లు కూడా పంపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత దేశమంతటా ప్రైవేటు రంగాన్ని టీబీ కార్యక్రమంలో ఎట్లా కలపాలన్న చర్చ వచ్చినప్పుడల్లా హైదరాబాద్ అనుభవం ప్రస్తావనకు వచ్చింది. నాకు అందులో ముఖ్యంగా అనిపించేది ఒకటే: పంపిన డాక్టరు దగ్గరికి అవతలివాళ్లు మనిషిగా వెళ్లి మాట్లాడారు. హుజూరాబాద్ అంత పెద్ద ఊరేం కాదు. టీబీ విభాగంలో పర్యవేక్షకుడు, అంటే ఎస్టీఎస్, ఎవరో మీకు ముఖపరిచయం లేకపోతే ఈ వారమే ఏరియా దవాఖానకు వెళ్లి కలవండి. ఆయన ఫోన్ నంబరు మీ కౌంటర్ లోపలి గోడ మీద, కరెంట్ వాళ్ల నంబరు పక్కన ఉండాలి.

ఇప్పుడు ఆ సాయంత్రం ఆరు గంటలకు తిరిగి వద్దాం. స్లైడు పాజిటివ్ వచ్చింది. మొదటి పని, రోగికి ఫోన్ చేసి పిలిపించడం. ఫోన్‌లో టీబీ అన్న మాట ఎత్తవద్దు. ఫోన్ ఎత్తింది ఆయనే అన్న నమ్మకం లేదు, ఎత్తినా పక్కన ఎవరున్నారో తెలియదు. "రిపోర్టు వచ్చిందన్నా, డాక్టర్‌తోని ఒకసారి మాట్లాడాలె, ఇంట్లోవాళ్లు ఎవరన్న ఉంటే వెంట తీస్కరా" అంటే చాలు. వచ్చినప్పుడు కౌంటర్ ముందు నలుగురిలో చెప్పకుండా లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టండి. ఎస్టీఎస్‌కు అక్కడే ఫోన్ కలిపి ఇద్దరినీ మాట్లాడించండి. రేపు ఎన్నింటికి ఎక్కడికి రావాలో, ఎవరిని కలవాలో ఆయన నోటితోనే రోగికి చెప్పించండి. ఏ గది, ఏ పేరు అన్నది తెలిసిన మనిషి వెళ్తాడు. 'సర్కారు దవాఖాన' అన్న పెద్ద బిల్డింగ్ మాత్రమే తెలిసిన మనిషి గేటు దగ్గరి నుంచి వెనక్కి వస్తాడు.

తర్వాత ఫారం. పేరు, వయసు, ఊరు, మండలం, ఫోను, జబ్బు ఎక్కడ ఉంది, ఏ పరీక్షతో తేలింది, ఏ తేదీన. ఇవి రాయడం సులువే గానీ రెండు చోట్ల తప్పులు ఎక్కువ దొర్లుతాయి. ఒకటి ఫోన్ నంబరు. దుబాయిలో ఉన్న కొడుకు నంబరో, రీచార్జ్ అయిపోయిన నంబరో ఇస్తారు. అక్కడే ఒకసారి రింగ్ ఇచ్చి చూడండి, పక్కింటివాళ్లది ఇంకో నంబరు తీసుకోండి, అయితే ఆ నంబరుకు చేసినప్పుడు జబ్బు మాట చెప్పొద్దని పక్కన రాసి పెట్టండి. రెండోది చిరునామా, దాని సంగతి కింద చెప్తాను. పేరు కొత్తగా ఎక్కించే ముందు అదే ఫోన్ నంబరుతో వెతికి చూడండి. అంతకుముందే వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో ఎవరో ఎక్కించి ఉంటే ఒకే మనిషి రెండు నంబర్లతో రెండు చోట్ల తేలతాడు. చివరికి ఏ ఒక్కరూ తమ రోగి అనుకోరు. పోర్టల్ ఇచ్చిన నిక్షయ్ నంబరును రిపోర్టు కవరు లోపల రాయండి, బయట కాదు. రోగి ఫోన్‌లో కూడా ఒకటి ఫోటో తీయించండి.

చిరునామా గురించి హుజూరాబాద్‌లో పనిచేసేవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఈ ఊరు కరీంనగర్ – వరంగల్ రోడ్డు మీద ఉంది. కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి వాళ్లు వైద్యానికి ఇక్కడికీ వస్తారు, హన్మకొండకూ పోతారు. 2016 అక్టోబర్ దాకా ఆ మండలాలు కరీంనగర్ జిల్లావే. జిల్లాల విభజనలో అవి వరంగల్ అర్బన్‌కు పోయాయి, ఇప్పుడది హన్మకొండ జిల్లా. ఇక్కడి ఎస్టీఎస్‌కు ఫోన్ చేస్తే "అది మా జిల్లా కాదు" అనే మాట వినిపించవచ్చు. ఆ మాటతో మీరు ఆగవద్దు. పేరు ఎక్కడైనా ఎక్కించవచ్చు, తర్వాత రోగి ఉండే చోటి టీబీ యూనిట్‌కు పోర్టల్‌లోనే బదిలీ అవుతుంది. బదిలీ చేసినట్టు కాదు, అవతలివాళ్లు తీసుకున్నట్టు నిర్ధారణ అయ్యేదాకా ఆ రోగి మీ రోగే. వారం తర్వాత ఒక ఫోన్ చేసి "మందులు మొదలైనయా?" అని రోగినే అడగండి. పోర్టల్ చెప్పే జవాబు కంటే ఆ జవాబు నమ్మదగింది.

వలస కూలీల సంగతి ఇంకా కష్టం. కరీంనగర్, పెద్దపల్లి ప్రాంతాల ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. చలికాలం మొదట్లో వచ్చి వానలకు ముందు వెళ్లిపోతారు. ఫిబ్రవరిలో జబ్బు తేలితే ఆరు నెలల మందులు ఆగస్టు దాకా నడవాలి, మనిషేమో జూన్‌కే సొంత ఊళ్లో ఉంటాడు. జిన్నింగ్ మిల్లుల్లో, రైస్ మిల్లుల్లో, గ్రానైట్ క్వారీల్లో చేసే బయటి రాష్ట్రాల వాళ్లదీ ఇదే కథ. ఇట్లాంటి రోగి వస్తే మొదటి రోజే రెండు ప్రశ్నలు అడగండి: మీ సొంతూరు ఏ జిల్లా, ఏ బ్లాకు? ఎప్పుడు వెళ్తున్నారు? ఆ రెండూ ఫారం మీద రాయండి. వెళ్లే ముందు వారం చెప్పమనండి. అతను చెప్పకపోయినా సర్దార్ లేదా మేస్త్రీ చెప్పగలడు, అయితే జబ్బు పేరు మేస్త్రీకి చెప్పక్కర్లేదు. చేతిలో నెల మందులు, కాగితం మీద నిక్షయ్ నంబరు ఉంటే బలంగీర్‌లో అయినా వైద్యం ఆగకుండా సాగుతుంది.

జబ్బు బయటపడితే ఏమవుతుందోనని రోగికి ఉండే భయాన్ని తేలిగ్గా తీసెయ్యకండి. పెళ్లి కావలసిన ఆడపిల్ల, కొత్త కోడలు, హోటల్లో వంట చేసే మనిషి, ఒక్కొక్కరికీ భయానికి వేర్వేరు కారణాలు ఉంటాయి. మన వైపు గల్ఫ్ భయం ఒకటి అదనం. దుబాయికో సౌదీకో పోదామనుకునే యువకుడు సర్కారు లెక్కలో పేరెక్కితే వీసా మెడికల్ పోతుందని దాక్కుంటాడు. అతనికి చెప్పవలసింది సూటిగా చెప్పాలి. గల్ఫ్ మెడికల్‌లో చూసేది ఛాతీ ఎక్స్‌రే. పేరు దాచినా ఊపిరితిత్తుల్లో మచ్చ దాగదు. ఆలస్యం చేసినకొద్దీ ఆ మచ్చ పెద్దదవుతుంది. తొందరగా మందులు మొదలుపెట్టడమే అతనికున్న మంచి దారి. ఇంకొక మాట. రోగి పేరు చూడవలసినవాళ్లు తప్ప ఇంకెవరూ చూడకుండా ఉంచడం మీ పని. రిపోర్టు ఫోటో తీసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం చాలా చోట్ల అలవాటైంది. ఈ రోజే మానండి. ఎస్టీఎస్‌కు విడిగా పంపండి, పంపాక మీ ఫోన్‌లో తీసెయ్యండి.

ఆర్‌ఎంపీ అన్నలకు, అక్కలకు కొంచెం గట్టిగానే చెప్పాలి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం వేళ జ్వరం, రాత్రి చెమటలు, తెమడలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెమడ పరీక్ష అయ్యేదాకా లెవోఫ్లాక్సాసిన్, మోక్సిఫ్లాక్సాసిన్ లాంటి మందులు ఇవ్వకండి. అవి టీబీ క్రిమిని పూర్తిగా చంపకుండా కొన్నాళ్లు అణచి పెడతాయి. రోగికి నయమైనట్టు అనిపిస్తుంది, పరీక్షలో దొరకదు, నెల తర్వాత మొండిగా తిరిగి వస్తుంది. మందులకు లొంగని టీబీకి చేసే వైద్యంలో ఈ రకం మందులే ఆసరా. వాటిని ముందే వాడి పాడు చేసుకోకూడదు. స్టెరాయిడ్ సూది కూడా అంతే, ఆకలి పెంచి రెండు రోజులు బాగున్నట్టు చూపిస్తుంది. మీరు పంపిన మనిషికి టీబీ అని తేలితే, సమాచారం ఇచ్చినందుకు మీకూ 500 రూపాయలు వస్తాయి. ఆశా కార్యకర్తకు పంపే చీటీ మీద మీ పేరు రాయండి.

తెమడ తీయించే పద్ధతిలోనే సగం పరీక్ష ఉంటుంది. ఉమ్మి వేరు, తెమడ వేరు. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, నోరు మామూలు నీళ్లతో పుక్కిలించి, గట్టిగా రెండు మూడుసార్లు ఊపిరి పీల్చి, రొమ్ము లోపలి నుంచి దగ్గి తీయాలి. ఇంటి బయట, గాలి ఆడే చోట. మందమైన పదార్థం డబ్బాలో పడిందా లేదా మూత పెట్టే ముందు చూసుకోవాలి. పేరు మూత మీద కాదు, డబ్బా మీద రాయాలి. ల్యాబులో మూతలు తీస్తారు, మారిపోతాయి. రెండు నమూనాలు తీసుకుంటారు, ఒకటి అప్పటికప్పుడు, ఇంకోటి మర్నాడు పొద్దుటిది. వీలైన చోట సూక్ష్మదర్శిని పరీక్షతో ఆగక నాట్ పరీక్షకు పంపండి. సీబీనాట్ అయినా, మన దేశంలోనే గోవాలో తయారైన ట్రూనాట్ అయినా, ఒకటి రెండు గంటల్లో క్రిమి ఉందా లేదా అన్నదే కాదు, రిఫాంపిసిన్‌కు లొంగుతుందా లేదా అన్నది కూడా చెప్తుంది. రక్తంలో యాంటీబాడీలు చూసి టీబీ తేల్చే పరీక్షలను 2012లోనే నిషేధించారు. ఎవరైనా రోగి అట్లాంటి రిపోర్టు పట్టుకుని వస్తే దాని మీద మందులు మొదలుపెట్టకూడదు. టీబీ గోల్డ్ లాంటి పరీక్ష కూడా క్రిమి ఒంట్లోకి ఎప్పుడో చేరిందని మాత్రమే చెప్తుంది, ఇప్పుడు జబ్బు ఉందని కాదు.

టీబీ ఊపిరితిత్తులకే రాదు. మెడ మీద గడ్డ, వెన్నెముక నొప్పి, కడుపులో నీరు, గర్భసంచి, ఎక్కడైనా రావచ్చు. ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసే నర్సులు, టెక్నీషియన్లు ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలామందికి మేలు జరుగుతుంది. గడ్డ ముక్క తీసినప్పుడు అంతా ఫార్మలిన్‌లో వేసేస్తారు, అలవాటుగా. ఫార్మలిన్‌లో క్రిమి చచ్చిపోతుంది, కల్చర్ చేయలేరు, నాట్ పరీక్షకూ ఆ ముక్క సరిగ్గా పనికిరాదు. ముక్కను రెండు చేసి, ఒకటి ఫార్మలిన్‌లో బయాప్సీకి, ఇంకోటి నార్మల్ సెలైన్‌లో నాట్ పరీక్షకు పంపాలి. థియేటర్‌లోకి వెళ్లే ముందే డాక్టర్‌ను "సార్, సెలైన్ డబ్బా కూడా పెట్టాల్నా?" అని అడగండి. ఈ ప్రశ్న అడిగే నర్సు లేక, ఏ మందుకు లొంగుతుందో తెలియకుండానే నెలల తరబడి గోలీలు మింగినవాళ్లు ఉన్నారు.

మెడికల్ షాపువాళ్లకు టీబీ మందులు షెడ్యూల్ హెచ్1 కిందకు వస్తాయని తెలుసు. 2014 మార్చి 1 నుంచి ఆ నియమం ఉంది. రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారు అన్నవి వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. ఆ రిజిస్టరే మీ నోటిఫికేషన్‌కు ఆధారం, రోగి ఫోన్ నంబరు ఒక్కటి అదనంగా తీసుకుంటే చాలు. ఐసోనియాజిడ్ కొన్న ప్రతి మనిషికీ టీబీ ఉన్నట్టు కాదు, ఇంట్లో రోగి ఉన్నవాళ్లకు జబ్బు రాకుండా కూడా అది ఇస్తారు. అందుకని ఊహించి ఎక్కించవద్దు, చీటీ చూసి, డాక్టర్‌ను అడిగి ఎక్కించండి. చీటీ పాతదైతే మందు ఇవ్వకండి. నాలుగు మందుల కలయిక దొరక్కపోతే ఉన్న ఒక్క మందే కొన్ని రోజులు వాడమని చెప్పడం అన్నింటికన్నా పెద్ద తప్పు. 2024 మొదట్లో దేశంలో చాలా చోట్ల టీబీ మందులకు కొరత వచ్చినప్పుడు కౌంటర్ల దగ్గర ఇట్లాంటి సర్దుబాట్లు చేయాలనే ఒత్తిడి పెరిగింది. స్టాక్ లేకపోతే ఎస్టీఎస్‌కు ఫోన్ చేయండి, పక్క యూనిట్ నుంచి తెప్పించడం వాళ్ల పని.

మందులు మొదలైన రోజు రోగికి మూడు నిమిషాలు ఇవ్వండి. ఒంటి బరువు చూసి గోలీల లెక్క ఉంటుంది. 50 నుంచి 64 కిలోల మనిషికి రోజుకు నాలుగు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన గోలీ, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పండి. చెప్పకపోతే రక్తం పోతుందనుకుని రెండో రోజే ఆపేస్తారు. వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా ఆగకుండా డాక్టరు దగ్గరికి రమ్మనండి. నెల తిరిగేసరికి ఒళ్లు తేలికపడుతుంది. చాలామంది అప్పుడే మందులు మానేస్తారు. మీ దగ్గర బరువు తూచే మిషన్ ఉంటే ప్రతి నెలా ఎక్కించి తూచండి. జార్ఖండ్‌లో చేసి 2023లో ప్రచురించిన రేషన్స్ అధ్యయనంలో, మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగులకు చనిపోయే ముప్పు బాగా తగ్గిందని తేలింది. బరువు పెరగాలంటే తిండి కావాలి. నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500గా ఉన్న సాయం 2024 నవంబర్ 1 నుంచి 1000 అయింది. ప్రైవేటులో వైద్యం చేయించుకునే రోగికి కూడా వస్తుంది, పేరు ఎక్కితేనే. బ్యాంకు ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పినా, ఖాతా వాడకుండా మూలపడినా ఆ డబ్బు ఆగిపోతుంది. పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో తీసి, అంకెలు ఇద్దరు సరిచూడండి. అంత శ్రద్ధ పెట్టవలసిన డబ్బే అది. ఆరు నెలల్లో 6000 అంటే హమాలీ ఇంట్లో గుడ్లు, పప్పు, పాలు.

ఇంటికి వెళ్లాక ఆ మనిషికి పళ్లెం వేరే, గ్లాసు వేరే పెడతారు. ఇది గాలి ద్వారా అంటుకునే జబ్బు, గిన్నెల ద్వారా కాదు. ఒకప్పుడు టీబీ వచ్చినవాళ్లను అనంతగిరి శానటోరియానికో, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానికో పంపేవారు. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం ఆ పద్ధతిని మార్చింది. ఇంట్లోనే ఉండి మందులు సరిగ్గా వాడిన రోగులు శానటోరియంలో ఉన్నవాళ్లలాగే కోలుకున్నారు, వాళ్ల ఇంట్లోవాళ్లకు జబ్బు ఎక్కువగా రాలేదు. మందులు పనిచేయడం మొదలైన రెండు మూడు వారాల్లోనే అంటుకునే గుణం బాగా తగ్గిపోతుంది. ఆ కొన్ని వారాలు మాస్కు, తెరిచిన కిటికీలు, బయట పడక. ఇంట్లో అయిదేళ్ల లోపు పిల్లలుంటే వాళ్లను అదే వారం పరీక్షకు తెమ్మనండి. జబ్బు లేకపోతే రాకుండా ఉండే మందు ఇస్తారు. పెద్దవాళ్లకూ ఇప్పుడు ఆ మందు ఉంది. మిల్లు యజమానులు, క్వారీ సూపర్‌వైజర్లు ఎవరైనా ఇది చదివితే: ఆ కార్మికుడిని పనిలోంచి తీసేయడం వల్ల మీకు రక్షణ లేదు. భయపడి మిగతావాళ్లు దగ్గు దాచుకుంటారు. రాతి దుమ్ములో పనిచేసేవాళ్లకు ఊపిరితిత్తులు ముందే దెబ్బతిని టీబీ ముప్పు ఎక్కువ, కాబట్టి ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించడం మీ బాధ్యత.

మీ సంగతి కూడా మరవొద్దు. రోగులు కూర్చునే చోట కిటికీ తెరిచి, ఫ్యాను గాలి మీ వైపు కాకుండా బయటికి పోయేలా కూర్చోండి. దగ్గే మనిషికి మాస్కు ఇచ్చి ముందు చూసి పంపేయండి. ల్యాబులో స్లైడు తయారు చేసేటప్పుడు ఎన్95 పెట్టుకోండి. మీకు రెండు వారాలు దగ్గు ఉంటే తెలిసిన డాక్టర్ దగ్గర సిరప్ రాయించుకోకుండా మీరూ తెమడ పరీక్షకు ఇవ్వండి.

ఆరు నెలలు గడిచాక చాలా రిజిస్టర్లు ఖాళీగా ఉండేది చివరి గడిలోనే. మందులు పూర్తయ్యాయి, దగ్గు పోయింది, మనిషి పనిలోకి వెళ్లిపోయాడు, ఇక రాయడం ఎందుకనిపిస్తుంది. చివరి తెమడ పరీక్ష నెగెటివ్ వచ్చిందో లేదో తెలియకుండా 'నయమైంది' అని రాయకూడదు. అట్లాంటప్పుడు 'వైద్యం పూర్తయింది' అని మాత్రమే రాయాలి. తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి మళ్లీ చూడాలన్నది కార్యక్రమం నియమం. అందుకని క్యాలెండర్ మీద నాలుగు తేదీలు ఇప్పుడే రాసి పెట్టండి, పక్కన ఫోన్ నంబరు కూడా. ఎస్టీఎస్ ఫోన్ ఎత్తకపోతే నిక్షయ్ సంపర్క్ టోల్ ఫ్రీ నంబరు 1800-11-6666 ఉంది. రోగి కూడా నేరుగా చేయవచ్చు, తెలుగులో మాట్లాడమని అడగవచ్చు.